అద్దం అవతలి చేయి

చేతిలో బొత్తాం, చెవుల మీద రెండు డిప్పలు. కుడివైపుది ఎరుపు, ఎడమవైపుది నీలం. ఎందుకు ఎరుపు, ఎందుకు నీలం అని అడిగేలోపే పరీక్ష చేసే అమ్మాయి బయటికి వెళ్ళి తలుపు మూసేసింది. మిల్లులో జీతాల గది తలుపంత మందం ఉంది. లోపల ఒక కుర్చీ, అందులో నేను, ఇక నా మోకాళ్ళకి తప్ప దేనికీ చోటు లేదు. గోడల నిండా చిల్లులున్న అట్ట, దాని వెనక ఏదో మెత్తగా కూరారు. వేలు దూర్చి చూశాను. దూది కాదు, జనపనార అసలే కాదు, జనపనారైతే నా వేలికి తెలియకుండా పోదు. ముప్ఫై ఏళ్ళు బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో మగ్గం ఆడించినవాణ్ణి, ఎక్కడ ఏ గుడ్డ కనపడినా రెండు వేళ్ళ మధ్య నలిపి చూడనిదే ప్రాణం ఊరుకోదు. చప్పుడు చొరబడని గది అంది ఆ అమ్మాయి. చప్పుడు చొరబడకుండా గదిని ఎలా కడతారు? గాలి దూరిన చోట చప్పుడు దూరదా? గాలి కూడా దూరకపోతే మరి నేను ఊపిరి ఎలా పీలుస్తున్నాను? ఇలా అడుగుతూనే ఉంటానని మిల్లులో నన్ను గవరయ్య అని పిలిచినవాళ్ళే తక్కువ, ‘కేనో దా’ అనేవాళ్ళు. కేనో అంటే బెంగాలీలో ఎందుకు అని, దా అంటే అన్న. మాతో పని చేయించే సర్దారు ఒకసారి విసిగిపోయి, నీకు పెట్టాల్సింది జీతం కాదు, బడిలో సీటు అన్నాడు. నాకు ఆ మాట బాగా నచ్చింది, ఇంటికి వెళ్ళి మా ఆవిడ సన్యాసమ్మకి చెప్పాను, ఆమెకి నచ్చలేదు.

నా చెవులు ఎంత శాతం పోయాయో తేల్చే గది ఇది. నలభై దాటి పోయాయని పెద్దాసుపత్రి వాళ్ళు రాసిస్తే ప్రతిబంధీ భాతా వస్తుంది, మన వైపు వికలాంగుల పింఛను అంటారే, అది. నలభైకి ఒక్కటి తగ్గిందా, నేను నిక్షేపంగా ఉన్నట్టే. ఆ ఒక్క శాతం ఎక్కడ ఉంటుందో నాకు భలే తెలుసుకోవాలని ఉంది. కాకి అరుపులో ఉంటుందా, సైకిలు బెల్లులో ఉంటుందా? సగం చెవుడున్న వాడికి లోకంలో సగం చప్పుళ్ళు వినిపిస్తాయా, లేక అన్ని చప్పుళ్ళూ సగం సగం వినిపిస్తాయా? ఈ మాట పొద్దున సియాల్దా లోకల్ రైల్లో సన్యాసమ్మని అడిగితే నెత్తి కొట్టుకుంది. ఆమె బాధ ఆమెది. మిల్లు నన్ను వదిలేశాక ఇంట్లో గోనెసంచులు కుట్టి పొయ్యి వెలిగిస్తున్నది ఆమే. ఇప్పుడు ఆమె కుడి మణికట్టు వాచిపోయి సూది నిలవడం లేదు, సాయంత్రమయ్యేసరికి వేడినీళ్ళ గిన్నెలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. ఆ చెయ్యి ఆగితే మా ఇద్దరి తిండీ ఆగుతుంది. అందుకని రైల్లో నా ఎదురు సీటు ఖాళీ అయ్యేదాకా ఆగి, వచ్చి కూర్చుని, నా మొహంలోకి చూసి మరీ చెప్పింది.

“సూడు, బొత్తాం ఇస్తారంట. ఇనబడినా నొక్కకు.”

“అబద్దం కాదేటి?”

“పోయినపాలి నిజమే సెప్పినావు కదా, ఏటొరిగింది?”

పోయినసారి, అంటే చలికాలంలో మా పేటలో క్యాంపు పెట్టినప్పుడు. డాక్టరు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, పేరేమిటి, ఏం పని చేసేవాడివి, ఎప్పట్నుంచి వినపడటం లేదు అని అడిగాడు. అన్నింటికీ టకటకా చెప్పాను. పెద్దవాళ్ళు అడిగినప్పుడు నీళ్ళు నమలడం నాకు చేతకాదు. ఆయన పక్కనున్న గుమాస్తా వైపు వంగి ఏదో గొణిగాడు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. “లేదు సార్, నేను నాటకం ఆడటం లేదు” అన్నాను బెంగాలీలో. గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. డాక్టరు గారు వెనక్కి వాలి హాయిగా నవ్వి, గుసగుసలు కూడా వినపడుతున్నాయి, ఇంకేం కావాలయ్యా నీకు అన్నాడు. నాకు కోపం రాలేదు. నిజానికి నాకూ అదే అనుమానం పట్టుకుంది. అంత గుసగుస వినపడిన చెవికి లారీ ఎందుకు వినపడలేదు? మిల్లు తర్వాత ఆయిల్ డిపో దగ్గర లారీలు నిలిపే చోట గేటు పని దొరికింది. లారీ వెనక్కి వస్తూ కీక్ కీక్ మని కూస్తుందట, అందరూ తప్పుకుంటారట. నేను దానికి వీపు పెట్టి బీడీ వెలిగించుకుంటున్నాను. క్లీనరు ఎగిరి వచ్చి నన్ను లాగిన ఊపుకి చొక్కా జేబు చిరిగి వచ్చేసింది. యజమాని మంచివాడు, తిట్టలేదు, కాకా ఇక ఇంట్లో కూర్చో అన్నాడు. లారీ కూత పెద్దదా, డాక్టరు గొణుగుడు పెద్దదా? చిన్నది వినపడి పెద్దది వినపడకపోవడం ఏం చెవుడు? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే, భాతా సంగతి తర్వాత, ముందు నాకు నిద్ర పడుతుంది. సన్యాసమ్మ ముందు ఈ మాట అనకూడదు.

నాకు ఎదురుగా గోడలో అద్దం కిటికీ ఉంది, దాని అవతల బల్ల, బల్ల మీద మీటల పెట్టె, పెట్టె వెనక ఆ అమ్మాయి. కొత్తగా పెళ్ళయినట్టుంది, చేతికి తెల్ల శంఖం గాజు, దాని పక్కన ఎర్రది. ఎంత చిన్న శబ్దమైనా సరే, వినిపించగానే నొక్కండి ‘కాకు’, అంటే బాబాయ్, అని లోపల ఉన్నప్పుడే చెప్పింది. ఎంత స్పష్టంగా చెప్పిందో! చిన్నప్పుడు బాగా చదువుకున్న పిల్ల అయి ఉంటుంది. ఇప్పుడు తల వంచి మీట తిప్పింది, ఎర్ర గాజు మణికట్టు మీదికి జారింది. కూసింది. సన్నగా, పీఁ మని, దోమ చెవి పక్కన తిరిగినట్టు. నొక్కేశాను. నొక్కాక సన్యాసమ్మ గుర్తొచ్చింది. సరే, ఒకటే కదా. మళ్ళీ పీఁ, ఇంకా సన్నగా. ఇంత సన్నటిది వినపడుతోందే అని ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చిన్నప్పుడు మా ఊరి వైపు సముద్రపొడ్డున ఎండ్రకాయ బొరియ ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని, అది కాలు బయట పెట్టగానే పట్టుకునేవాణ్ణి. అదే ఆట ఇది. నొక్కకుండా ఎలా ఉంటారు? మిగిలిన చెవి ఎంత ఉందో నాకు మాత్రం తెలియొద్దా? మళ్ళీ, మళ్ళీ. ఒక్కటీ వదల్లేదు. ఆమె కాగితం మీద ఏవో గుర్తులు పెడుతోంది, కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. సన్యాసమ్మా, నన్ను క్షమించు, నీ చెయ్యి నాకు గుర్తుంది, ఈ ఒక్కటీ నొక్కి ఆపేస్తాను.

మిల్లులో చేరిన మొదటి రోజు మా మావయ్య నన్ను తాంత్ ఘర్ గుమ్మంలో నిలబెట్టాడు. తాంత్ ఘర్ అంటే మగ్గాల షెడ్డు, వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటాయి. పద్దెనిమిదేళ్ళవాణ్ణి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. మావయ్య నా చేతులు కిందికి దించి, ఏదో అన్నాడు. నోరు కదిలింది, మాట రాలేదు. అక్కడ ఎవరికీ ఎవరి మాటా వినపడదని, అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారని రెండు రోజులకి అర్థమైంది. నెల తిరిగేసరికి ఈ చివర నుంచి ఆ చివరకి కబుర్లు చెప్పడం వచ్చింది. మీసం మెలేస్తే సర్దారు వస్తున్నాడని, నుదుటి మీద చెయ్యి అడ్డం పెడితే దొరగారని, బొటనవేలు పెదవికి తగిలిస్తే నీళ్ళు తాగి వస్తా నా మగ్గం చూడమని. బీహారువాడు, ఒడియావాడు, బెంగాలీ, మేము, నాలుగు భాషల వాళ్ళం ఒక్క నోటితో మాట్లాడుకునేవాళ్ళం, అందులో గొంతు పని ఏమీ లేదు. పెళ్ళయి వచ్చాక సన్యాసమ్మ కూడా కొన్నాళ్ళు సంచులు కుట్టే విభాగంలో చేసింది, ఆమె నాకంటే వేగంగా నేర్చుకుంది. మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి, కూర మాడిపోయింది ఏమీ అనుకోకు అని అంత దూరం నుంచి చెబితే, షెడ్డు మొత్తం నవ్వింది. అందరికీ తెలిసిపోయింది కదా, అక్కడ దాపరికం ఎక్కడుంది.

ఇంతలో తెల్లగడ్డం ముసలాయన ఒకడు మట్టి కప్పుతో టీ తెచ్చి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఎర్ర గాజు జారింది, పీఁ మంది, నొక్కాను. ఆమె చేతిలో టీ కప్పు ఉంది.

ఆమె నన్ను చూసింది, నేను కప్పుని చూశాను. పెట్టె మీద ఆమె రెండో చెయ్యి కూడా లేదు, ఒళ్ళో ఉంది. కప్పు కింద పెట్టి, నా మొహం వైపే చూస్తూ, మళ్ళీ నెమ్మదిగా ఎత్తింది. మళ్ళీ పీఁ మంది. నా వేలు అప్పటికే నొక్కేసింది. టీ కప్పు కూయదు కదా. కూయదు. మరి నేను విన్నది ఏమిటి? విన్నాను, ఒట్టు పెట్టి చెబుతాను, సన్నగా, దోమ కూతలా విన్నాను. ఎవరి కూత అది? ఎక్కడి నుంచి వచ్చింది? ఆమె లేచి ఇటు రాబోయి మళ్ళీ కూర్చుంది, పెదవులు కదిలాయి, ‘ఆశ్చర్యం’ అంది, బెంగాలీలో కూడా ఇంచుమించు ఆ మాటే. అద్దం అవతల, అంత మందం తలుపు అవతల, ఆమె అన్న మాట, చప్పుడు చొరబడని గదిలో కూర్చున్న నాకు వినపడింది.

అప్పుడు తెలిసింది, నేను వింటున్నది కళ్ళతో అని. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు. అన్నీ ఎందుకు అని అడిగినవాణ్ణి, ఈ ఒక్కదాన్ని వదిలేద్దామనిపించింది. ఇలాగే అద్దం వైపు కూర్చుంటే ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా నాకు వినపడుతూనే ఉంటుంది. ఏ కప్పూ ఎత్తకుండా ఉంటే ఎవరికీ తెలియదు, నా చెవులు బాగున్నాయని రాసేస్తారు, భాతా పోతుంది, సన్యాసమ్మ మణికట్టు అలాగే వాస్తుంది, కానీ లోకం నాకు ఇప్పుడు వినపడుతున్నట్టే వినపడుతుంది. ఎంత పాడు ఆలోచన! భయమేసిందని చెప్పడానికి సిగ్గెందుకు, భయమేసింది. మగ్గంలో నూలు మోసే నాడె ఎగిరి పక్కవాడి కన్ను పోయినప్పుడు కూడా నాకింత భయం వేయలేదు. అయినా కాసేపటికి నా లోపలి కేనో దా ఊరుకోలేదు. ఎంత ఉందో చూడు, చూసి చావు అన్నాడు. లేచి, డిప్పల తీగ మెడకి చుట్టుకోకుండా జాగ్రత్తగా, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏమనుకుందో తెలియదు. కళ్ళు కూడా మూసుకున్నాను.

ఏమీ లేదు. నా చెవుల్లో ఎప్పుడూ ఉండే హోరు ఒకటి ఉంది, మిల్లు వదిలినా మగ్గాలు వదల్లేదని నవ్వుకునేవాణ్ణి, అది తప్ప ఏమీ లేదు. ఆమె మీట తిప్పుతోందా, టీ తాగుతోందా, ఇంటికి వెళ్ళిపోయిందా? చీకట్లో చెయ్యి చాపినట్టు చెవి చాపాను. చాపినకొద్దీ హోరే. అందులోంచి ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చి, అద్దం తుడిచినట్టు వేరేగా కనపడటం మొదలైంది. కరోనా రోజుల్లో మనుషులంతా ఉన్నట్టుండి నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారని, రోగానికి గొంతులు బలహీనపడ్డాయేమోనని, మూతికి కట్టిన గుడ్డ ఇంత చప్పుడు ఆపేస్తుందా, ఇది ఏ నేతగుడ్డ అని రేషన్ షాపువాడి మాస్కుని వేళ్ళతో నలపబోయి చీవాట్లు తిన్నాను. గుడ్డ ఆపింది చప్పుణ్ణి కాదు. కరెంటు పోయినప్పుడు సన్యాసమ్మ మాట్లాడదు. చీకటంటే ఆమెకి ఏదో గుబులు అనుకున్నాను, ఓదార్చేవాణ్ణి కూడా, చీకట్లో చెయ్యి పట్టుకుని నేనే అన్ని కబుర్లూ చెప్పేవాణ్ణి. వెనక నుంచి ఎప్పుడూ పిలవదు, ముందుకి వచ్చి, భుజం తట్టి, నేను చూసేదాకా ఆగి అప్పుడు మాట మొదలుపెడుతుంది. పొద్దున రైల్లో ఎదురు సీటు ఖాళీ అయ్యేదాకా ఆగింది. ఎంత పద్ధతి గల మనిషో అనుకున్నాను. మేముండే మిల్లు కూలీల ఇళ్ళ లైన్లో మగవాళ్ళందరి పెళ్ళాలూ వీధి చివరి నుంచి కేకలు వేస్తారు, మా ఆవిడ గొంతెత్తదు అని టీ కొట్టు దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. వాళ్ళు నా వైపు చూసి ఎందుకు నవ్వేవాళ్ళు?

ఆమె గొంతు ఎలా ఉంటుంది? ఇదిగో, ఇప్పుడు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోవాలని చూస్తున్నాను. మాటలు వస్తున్నాయి, పెదవులు వస్తున్నాయి, పైపెదవి మీద చిన్న మచ్చ వస్తోంది, గొంతు రావడం లేదు. పెళ్ళయిన కొత్తలో విన్నాను కదా. బొంగురా, సన్నమా? ఇన్నేళ్ళు పక్కనున్న మనిషి గొంతు మరిచిపోవడం కూడా ఉంటుందా? లోపల ఎక్కడో దాగి ఉంటుందా, లేక చెవి పోతే అది నింపుకున్నదంతా దాంతోపాటే పోతుందా? ఇది ఏ డాక్టరుకి తెలుస్తుంది? ఏడుపొస్తే ఇక్కడ తుడుచుకోవడానికి కూడా చోటు లేదు.

అప్పుడు వచ్చింది. బొయ్ మని, లావుగా, కింద నుంచి. గంగ మీద పొగమంచులో ఓడ కూసినట్టు. ఇది కప్పు కాదు, గాజు కాదు, కళ్ళు మూసుకునే ఉన్నాను, ఇది నాది, నా చెవిలోకే వచ్చింది. నొక్కాను. బొత్తాం విరిగిపోతుందేమో అన్నంతగా నొక్కాను.

భుజం మీద చెయ్యి పడితే కళ్ళు తెరిచాను. పరీక్ష ఎప్పుడో అయిపోయిందట, ఆమె తలుపు తీసి రెండుసార్లు పిలిచిందట. ఈసారి నా ఎదురుగా వంగి, నెమ్మదిగా, పెదవులు బాగా కదిలిస్తూ మాట్లాడింది, ఆమెకీ తెలిసిపోయింది. మొదట రాసిన కాగితం చూపించి అడ్డంగా కొట్టేసింది. రెండోదాని మీద గీత కాసేపు తిన్నగా నడిచి మెట్ల మీద నుంచి జారిపడినట్టు కిందికి దిగిపోయింది. అక్కడ, కింద, మనుషుల మాటలు ఉంటాయట, ముఖ్యంగా ఆడవాళ్ళవీ పిల్లలవీ. “అందరూ ఇక్కడికొచ్చి వినపడలేదంటారు కాకు. వినపడుతోందని అన్నది మీరొక్కరే” అంది. శాతం రాయాల్సింది డాక్టర్ల బోర్డు వాళ్ళే గానీ, నలభై దాటుతుంది, భయపడకండి అంది. దాటుతుందట. ఎరుపు కుడికెందుకు అని అడగాలనుకున్నది నాకు గుర్తు రాలేదు.

వరండాలో బెంచీ నిండా జనం. చంకకర్రలు ఒళ్ళో పెట్టుకున్న కుర్రవాడు, బిడ్డని ఎత్తుకున్న తల్లి, నిద్రపోతున్న ఒక ముసలమ్మ. వాళ్ళ మధ్య నుంచి సన్యాసమ్మ లేచి వచ్చింది, పద్ధతిగా, నా ముందుకి వచ్చి నిలబడి, నేను చూసేదాకా ఆగి.

“ఏటయ్యింది? నొక్కీసినావా?”

ఆమె గొంతు మీద నాలుగు వేళ్ళూ ఆనించాను. నలుగురిలో, పట్టపగలు. ఆమె అదిరిపోయి, “ఏటిది, సిగ్గు నేదేటి?” అంది. స్పష్టంగా అంది. పెదవులు కదిలాయి, పైపెదవి మీద మచ్చ కదిలింది, నా వేళ్ళ కింద గొంతు కదల్లేదు.

“ఎన్నాళ్ళయ్యిందే?” అన్నాను.

ఆమె తల దించుకోబోయింది. దించుకుంటే నాకు అందదని గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ ఎత్తింది. “సానా ఏళ్ళయ్యింది. లైన్లో గోడలు పల్చన. నీకోసం నానరిస్తే ఈదంతా ఇంటాది, నువ్వు తప్ప. పెదాలాడిస్తే నువ్వొక్కడివే ఇంటావు. నాకదే బాగుంది.”

“నాకు సెప్పలేదేటి?”

“సెప్తే మగ్గం కాడికి బయంతో ఎల్తావు. బయంతో ఎల్లినోడికే నాడె తగుల్తాది.” అని నా మొహం ఇంకోసారి చూసి, “భాతా వొస్తాదా, రాదా?” అంది.

వస్తుందని తల ఊపాను. ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది, ఆ ఊపిరి నా వేళ్ళకి తగిలింది. చెయ్యి తియ్యలేదు. “ఓపాలి గొంతుతో పిలు” అన్నాను. “ఇక్కడేటి, నీకు మతి పోనాదా” అంది. “ఇక్కడే. గట్టిగా” అన్నాను. ఆమె పెదవులు కనపడితే మళ్ళీ మోసపోతానని మొహం అటు తిప్పుకుని బెంచీ వైపు చూశాను. ఎంతసేపో ఏమీ లేదు. తర్వాత నా వేళ్ళ కింద ఆమె గొంతు ఒక్కసారి జరజరా కంపించింది, మగ్గం మీద చెయ్యి వేస్తే కంపించేదే అలా. చెవిలోకి కూడా ఏదో వచ్చినట్టయింది, గోడ అవతల ఎవరో గిన్నె జరిపినట్టు, అది ఆమె గొంతో మరొకటో చెప్పలేను. బెంచీ మీద చంకకర్రల కుర్రవాడు తల తిప్పాడు. బిడ్డ ఉలిక్కిపడింది. నిద్రపోతున్న ముసలమ్మ లేచి కూర్చుంది, వరండా ఆ చివర నిలబడిన వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

గబుక్కున ఆమె వైపు తిరిగాను. అప్పటికే అయిపోయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, భుజాలు ఊగుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియడం లేదు.

“ఏటని పిలిసినావు?” అన్నాను.

చెంగు తియ్యలేదు. మా తెలుగు అర్థమైనా కాకపోయినా, ఆ వరండాలో అందరూ విన్నారు.